మూసిన పాతర

రేవణసిద్ధప్ప ఇంటి మిద్దె మీద డిటెక్టివ్ శివరాజ్ మోకాళ్ల మీద వంగి మట్టి చూస్తున్నాడు. కింద వాకిట్లో ఇన్‌స్పెక్టర్ మదన్‌మోహన్ కుర్చీ వేయించుకొని నీడలో కూర్చున్నాడు. ఒకరికి ఎండ, ఒకరికి నీడ. ఈ కేసులో మొదటి నుంచీ పంపకం ఇలాగే ఉంది.

"చూసుడు అయిందా శివరాజ్ గారూ? మట్టిల ముత్యాలు గిట్ల దొరికినయా?" అని కింద నుంచి ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"కావలసినవి దొరకలేదు సార్. అదే మంచిదైంది," అన్నాడు శివరాజ్. ఇన్‌స్పెక్టర్ పక్కనున్న కానిస్టేబుల్ వైపు చూసి నవ్వాడు.

మొన్న మధ్యాహ్నం ఈ ఇంటి పెరట్లో గోడ వారగా సదాశివ శవం కనబడింది. సదాశివ హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, అక్కడే ఓవర్సీర్‌గా రిటైరైన మనిషి. ఇళ్లు కొనేవాళ్లు పిలిస్తే వచ్చి, గోడలు తట్టి, దూలాలు గుచ్చి, మంచీ చెడూ చెప్పి పోతుంటాడు. ఝరాసంగం రైతు జగ్గయ్య జహీరాబాద్‌లో ఇల్లు కొందామని ఈ ఇల్లు బేరం చేసి, చూసి రమ్మని అతన్ని పంపాడు. మిద్దె చూడటానికి ఎక్కి జారిపడ్డాడని ఇంటివాళ్లు అన్నారు. జారలేదు, తోశారని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. తోసినవాడు మేస్త్రీ సంగప్ప అని అరగంటలో తేల్చేసి లాకప్‌లో వేశాడు.

సంగప్ప మీద అనుమానానికి కారణం లేకపోలేదు. ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు రేవణసిద్ధప్ప అతన్నే పిలిపించి, ఎక్కడెక్కడ ఏం బయటపడుతుందో చూడమన్నాడు. సంగప్ప చూసి, గోడ పగుళ్ల మీద సున్నం పూశాడు. సదాశివ వచ్చిన మొదటి రోజే ఆ సున్నాన్ని గోటితో గీకి, గల్లీలో అందరి ముందు సంగప్పను కడిగేశాడు. మరునాడు పొద్దున సంగప్ప ఇదే మిద్దె మీద వానల ముందు వేసే చౌడు మట్టి పరుస్తున్నాడు. ఆ మధ్యాహ్నమే సదాశివ శవమయ్యాడు. ఇన్‌స్పెక్టర్‌కు ఇంతకంటే ఏం కావాలి? సాయంత్రం సంగప్పను జీపులో సంగారెడ్డి కోర్టుకు తీసుకుపోతారు. ఆ తరువాత అతను ఎప్పుడు ఇంటి మొహం చూస్తాడో చెప్పేవాడు లేడు.

సంగప్ప భార్య రత్నమ్మ పొద్దుటి నుంచి ఎదురింటి అరుగు మీద, మొగుడి పని సామాన్లు పక్కన పెట్టుకొని కూర్చుంది. ఏడవటం లేదు, ఎవరినీ తిట్టటం లేదు. ఈ ఇంటి తలుపు వైపే చూస్తోంది. శివరాజ్‌ను పిలిచింది ఆమే.

శివరాజ్ నిచ్చెన దిగి వచ్చి చేతులు దులుపుకున్నాడు.

"సార్, సంగప్ప ఆ పొద్దున తడి మట్టి పరిచి తొక్కిండు. అది ఎండి గట్టిపడ్డది. మిద్దె నిండ వట్టి కాళ్ల జాడలున్నయి. బూటు జాడ ఒక్కటి లేదు."

"బూట్లు విప్పి ఎక్కిండనుకోరాదు?"

"అనుకుందం. మరి శవం కాళ్లకు బూట్లు ఎట్ల ఉన్నయి? పడి, చచ్చి, లేచి తొడుక్కున్నడా?"

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మదన్‌మోహన్ మొహం ఎర్రబడింది.

"సంగప్పనే తొడిగిండు," అన్నాడు పట్టుదలగా. "సున్నం పిసికే చేతులకు బూట్లు రావా?"

"డాక్టర్ ఏమన్నడు?"

"రిపోర్టు రాలే."

"రిపోర్టు కాదు. నోటితోని ఏమన్నడు?"

మదన్‌మోహన్ కాసేపు మీసం దువ్వుకున్నాడు. "ఎముక విరగలేదన్నడు. మొహం నల్లబడ్డదన్నడు. ఊపిరాడక పోయినట్టున్నదన్నడు. అంటే మేస్త్రీ గొంతు గిట్ల వత్తి పడేసిండు. అంతే గద."

"గొంతు మీద గుర్తులున్నయా?"

"శివరాజ్ గారూ, కేసు నాది. మీరు రత్నమ్మ బతిమాలుకుంటే వచ్చిన్రు. ఆమె మొహం చూసి నేను ఊకున్న. మధ్యాహ్నం దాక తిరుగుండ్రి, తర్వాత నన్ను పని చేసుకోనియ్యిండ్రి."

 శివరాజ్ మనసు ఇంకో వస్తువు మీద ఉంది. చచ్చినవాడి ప్యాంటు జేబులో చిన్న బ్యాటరీ లైటు దొరికింది. దాని మీట వేసే ఉంది. సెల్లులు పూర్తిగా అయిపోయి ఉన్నాయి. పట్టపగలు మిద్దె మీద బ్యాటరీ ఎందుకు వెలిగిస్తాడు? సదాశివ ఆఖరుసారి ఉన్నది చీకటి చోట. ఈ ఇంట్లో పగలు చీకటిగా ఉండే చోటు ఎక్కడో చూడాలి.

ఇంటిని చూడటంలో మూడు రకాలున్నాయి. అమ్మేవాడు చూపించుకునేది, ఏం దాచాలో తెలియటానికి. కొనేవాడు చూపించేది, ఏం దాచారో తెలియటానికి. కాపురముండేవాడు ఏటా వానలకు ముందు చూసుకునేది, ఎక్కడ కురుస్తుందో తెలియటానికి. ఈ ఇంట్లో ఆ మూడూ ఒక్క వారంలోనే జరిగాయి. ఇప్పుడు శివరాజ్ నాలుగో రకం మొదలుపెట్టాడు. అందులో ఇంటివాళ్లకు దక్కేది సిగ్గు ఒక్కటే అని అతనికి అప్పటికి తెలియదు.

రేవణసిద్ధప్ప భార్య శరణమ్మ అరుగు మీద చేట పట్టుకొని జొన్నలు చెరుగుతోంది. నలభై ఏళ్లుంటాయి. నుదుట విభూతి, మెడలో లింగం కాయ, నలగని చీర. ఇంట్లో చావు జరిగిన మూడో రోజు ఇంత నిదానంగా జొన్నలు చెరిగే మనిషిని చూస్తే శివరాజ్‌కు కొంచెం విచిత్రంగా అనిపించింది.

"అక్కా, అన్న ఏడి?" అని అడిగాడు.

"గంజ్‌కు పోయిండు. దుకాణం విడవొద్దు గద." ఆమె తల ఎత్తలేదు.

"సదాశివ సారు ఆ రోజు ఎన్ని గంటలకు వచ్చిండు?"

"మా ఆయన గంజ్‌కు పోయినంక."

"మిద్దె ఎప్పుడు ఎక్కిండు?"

"నేను చూడలే. వంటింట్ల ఉంటి."

"పడ్డ చప్పుడు?"

"వినలే."

"ఎవరు చూసిన్రు ముందుగాల?"

"మా ఆయన. తిండికి వచ్చి పెరట్లకు పోయి చూసిండు."

జవాబులు టకటకా వస్తున్నాయి. చేట ఆగటం లేదు. శివరాజ్ వంగి చేటలోంచి పిడికెడు జొన్నలు తీసి అరచేతిలో పోసుకున్నాడు. రాయి లేదు, పొట్టు లేదు, నూక లేదు. గింజలు అద్దంలా మెరుస్తున్నాయి. చెరగటానికి ఏమీ లేని జొన్నలవి. రోజూ అవే పోసుకొని, రోజూ అవే చెరిగి, గల్లీకి చేట చప్పుడు వినిపించి, మళ్లీ అవే ఎత్తిపెడితే గింజ ఇలా నున్నగా అవుతుంది.

అతను గింజలు తిరిగి చేటలో పోశాడు. శరణమ్మ చేతులు మొదటిసారి ఆగాయి.

"లోపల చూడొచ్చా అక్కా?"

"బూట్లు బయట విడువుండ్రి. లోపల లింగం ఉంటది," అన్నదామె.

శివరాజ్ బూట్లు విప్పుతూ ఆగిపోయాడు. సదాశివ కూడా ఇక్కడే విప్పి ఉంటాడు. మరి తిరిగి తొడిగింది ఎవరు? శవాన్ని చూసిన రోజు బూట్ల లేసులు అతని కళ్లకు వింతగా కనబడ్డాయి. ఓవర్సీర్లు వేసుకునే ముడి కాదది. రెండు చుట్లు చుట్టి, కొసను లోపలికి దోపి లాగిన ముడి. ఎక్కడో చూశాడు, ఎక్కడో గుర్తు రాలేదు.

వంటింట్లో ఇత్తడి డబ్బాలు వరసగా తళతళలాడుతున్నాయి. వెనకే కానిస్టేబుల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, అతని భుజం మీద నుంచి మదన్‌మోహన్ తొంగి చూస్తున్నాడు. వెతకటం మొదలుపెట్టిన మనిషి చేతికి ఆగటం తెలియదు. శివరాజ్ మొదటి డబ్బా మూత తీశాడు. ఖాళీ. రెండోది ఖాళీ. మూడోది తీశాడు, దాంట్లో తవుడు. తరువాతది తీయబోతుంటే శరణమ్మ చేయి వచ్చి మూత మీద ఆనింది.

"అన్నీ గట్లనే ఉన్నయి," అన్నదామె మెల్లగా. "చూసేటందుకేం లేదు."

కానిస్టేబుల్ మొహం తిప్పుకున్నాడు. మదన్‌మోహన్ కూడా గొంతు సవరించుకొని వాకిట్లోకి పోయాడు. శివరాజ్‌కు చెవులు వేడెక్కాయి. హంతకుణ్ని వెతకటానికి వచ్చి ఒక ఇల్లాలి ఖాళీ డబ్బాలు ఇద్దరు మగవాళ్లకు చూపించాడు. ఇంతకంటే తలవంపుల పని ఇన్నేళ్ల వృత్తిలో చేయలేదు. క్షమించమని అందామనుకున్నాడు. అంటే ఆమె ఇంకా చితికిపోతుందనిపించి ఊరుకున్నాడు.

వంటింటి వెనక సామాన్ల గది. కిటికీ లేదు. మూలన ఒకే ఒక్క జొన్న బస్తా ఉంది. దాని మూతికి సుతిలి తాడు రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపి లాగి ఉంది. శివరాజ్ ఆ ముడిని వేలితో తాకి చూశాడు. ధాన్యం అమ్మే గంజ్‌లో బస్తాలు కట్టే ముడి. సదాశివ బూట్లకు పడింది ఇదే.

ఇప్పుడు నేల చూశాడు. గదంతా పాత పేడ అలుకు, తెల్లబారిపోయింది. నడుమ మాత్రం ఒక బండ పట్టేంత మేర కొత్త అలుకు, ఇంకా పచ్చగా ఉంది.

"ఇదేంది అక్కా?"

"పాతర," అన్నది శరణమ్మ గుమ్మంలో నిలబడి. "జొన్న పాతర. మా మామ కాలం నుంచి నిండే ఉన్నది. మంచి దినం చూడక తెరవం. జగ్గయ్య పటేల్ కూడ పాతరతోని సహా కొంటనన్నడు."

"ఈ అలుకు ఎప్పుడు పెట్టిన్రు?"

"మొన్న. కాదు, నాలుగు దినాలైంది."

"మొన్ననా, నాలుగు దినాలా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

శివరాజ్ పుట్టింది మొగుడంపల్లిలో. పాతరంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. భూమిలో కడవలా తవ్వి, చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు పోసి, సన్నటి మూతి మీద బండ వేసి మెత్తుతారు. తెరిచిన రోజు ఎవరూ దిగరు. గాలి పోనిచ్చి, తాడుకు దీపం కట్టి దించుతారు. దీపం నిలిస్తే మనిషి దిగుతాడు. ఆరిపోతే దిగడు. లోపల జొన్నలు నాని కుళ్లితే ఆ గాలి రెండు ఊపిరుల్లో మనిషిని కూలుస్తుంది. బ్యాటరీ లైటు అలా ఆరిపోదు. విషపుగాలిలో కూడా వెలుగుతూనే ఉంటుంది, ఏం భయం లేదు దిగమన్నట్టు.

సదాశివ ఎలా చచ్చాడో శివరాజ్‌కు ఆ క్షణానే అర్థమైంది. ఎవరూ తోయలేదు, ఎవరూ గొంతు పిసకలేదు. కానీ శవం పెరట్లోకి నడిచి రాలేదు. దాచినవాళ్లు ఎందుకు దాచారు? నిండు పాతరలో మనిషి ఎక్కడికి దిగుతాడు? ఈ రెండో ప్రశ్నకు జవాబు డబ్బాల్లోనే కనబడింది.

బండ ఎత్తించటం ఎంత పని? గడ్డపార గోడకే ఆనించి ఉంది. కానీ ఆమె ముందు ఇంకో మూత తీయటానికి అతనికి చేయి రాలేదు. రేవణసిద్ధప్ప రానీ, మొగుడి ఎదురుగానే తెరిపిద్దాం అనుకున్నాడు. అది మర్యాద. దాని పక్కనే ఇంకో ఆలోచన కూడా ఉంది. అందులో మర్యాద ఏమీ లేదు.

బయటికి రాగానే మదన్‌మోహన్ ఆ ఆలోచననే తట్టి లేపాడు.

"ఏం దొరికింది లోపల?"

"ఏం లేదు సార్."

"అంత సేపు ఏం లేని గదిల ఏం చేసిన్రు?"

"జొన్న బస్తా ఉన్నది. చూసిన."

"నా దగ్గర దాస్తున్నరా? సాయంత్రం పేపరోళ్లను పిలిచి, ఇన్‌స్పెక్టర్‌కు కనవడనిది నాకు కనవడ్డది అని చెప్పుకుందమనా?"

సరిగ్గా అదే. మదన్‌మోహన్ బుద్ధి మందమైనా ఈ ఒక్క విషయంలో గురి తప్పలేదు. శివరాజ్ "మీ ఇష్టం సార్, ఎట్లన్న అనుకోండ్రి," అని గేటు దాటి బయటికి నడిచాడు. పాతర మాట చెప్పలేదు. దీపం మాట అసలే చెప్పలేదు.

ఎదురుగా రత్నమ్మ లేచి నిలబడింది. "సారూ, ఏమన్న దొరికిందా?"

"దొరికింది రత్నమ్మా. సంగప్ప ఇయ్యాల ఇంటికి వస్తడు. జర ఓపిక పట్టు."

ఆమె రెండు చేతులతో మొహం తుడుచుకుంది. పక్కింటి తారాబాయి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. గంజ్ దాకా ఎవరినైనా పంపి రేవణసిద్ధప్పను పిలిపించమని శివరాజ్ ఆమెను అడిగాడు.

"పంపుత తియ్యి. పాపం, ఆ ఇంటికి ఏం కాలమొచ్చెనో," అన్నది తారాబాయి. "ఒకప్పుడు ఎల్లమావాస్య పండుగొస్తే పాతర తెరిచి గల్లీల ఇంటింటికి జొన్నలు పంపేటోళ్లు. ఇప్పటికి కూడ పంపుతరు."

"ఇప్పటికి కూడనా? పాతర జొన్నలేనా?"

తారాబాయి అతని కళ్లలోకి ఒకసారి చూసి, తరువాత చూపు పక్కకు తిప్పుకుంది. "వాళ్లు గట్లనే చెప్తరు," అన్నది.

ఇంతలో కానిస్టేబుల్ గేటు దగ్గరికి వచ్చాడు. నుదుటి మీద చెమట, చేతులకు పేడ.

"సార్ రమ్మంటున్నడు మిమ్మల్ని. సామాన్ల గదిల బండ తీపిచ్చిండు నాతోని. డిటెక్టివ్‌గారు దాచింది ఏందో ఆయన ముంగటనే చూపిస్త, పిలువు అన్నడు."

శివరాజ్ కానిస్టేబుల్ భుజం పట్టుకున్నాడు. "ఆయన ఏడున్నడు?"

"బ్యాటరీ పట్టుకొని నిచ్చెన దించుతుండె."

శివరాజ్ పరుగెత్తటానికి ఒక కాలు ముందుకు వేశాడు. అప్పుడే ఇంట్లోంచి కేక వినబడింది.

అది మామూలు కేక కాదు. పొట్ట అడుగు నుంచి పెగలదీసుకొని వచ్చిన కేక. "రాండ్రీ, ఎవరన్న రాండ్రీ, మనిషి పోతుండు, పాతరల పడ్డడు, రాండ్రీ," అని శరణమ్మ అరుస్తోంది. గల్లీలో ఆ గొంతు అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. తలుపులు తెరుచుకున్నాయి. జనం పరుగెత్తారు.

అందరికంటే ముందు లోపలికి ఉరికింది రత్నమ్మ. మొగుడి సామాన్లలోంచి తాడు చుట్ట భుజాన వేసుకొని మరీ ఉరికింది.

సామాన్ల గదిలో పాతర మూతి నల్లగా తెరుచుకొని ఉంది. పుల్లటి కుళ్లు వాసన ముక్కు బద్దలు చేస్తోంది. లోపల అడుగున ఇన్‌స్పెక్టర్ బోర్లా పడి ఉన్నాడు. అతని బ్యాటరీ పక్కన పడి, హాయిగా వెలుగుతోంది. కానిస్టేబుల్ నిచ్చెన మీద కాలు పెట్టబోతే శివరాజ్ అతన్ని రెక్క పట్టి వెనక్కి లాగాడు.

"దిగితే నువ్వు కూడ అక్కడనే పంటవు. తారాబాయీ, బావిల బొక్కెన తీసే గాలం ఉన్నదా మీ ఇంట్ల?"

గాలం వచ్చింది. రత్నమ్మ దాన్ని తాడుకు కట్టింది. ఎవరో గొంగడి తెస్తే ఇద్దరు పట్టుకొని పాతర మూతిలో కిందికీ పైకీ ఊపుతున్నారు, గాలి కదలటానికి. శివరాజ్ బోర్లా పడుకొని గాలం దించాడు. మొదటిసారి చొక్కాకు తగిలి చిరిగింది. రెండోసారి జారింది. మూడోసారి ఇన్‌స్పెక్టర్ వీపు మీది తోలు బెల్టుకు కొక్కెం పడింది. రత్నమ్మ, కానిస్టేబుల్, ఇంకో ఇద్దరు కలిసి లాగారు. తన మొగుణ్ని లాకప్‌లో వేసిన మనిషిని రత్నమ్మ పళ్లు బిగించి పైకి లాగింది.

మదన్‌మోహన్‌ను వాకిట్లో పడుకోబెట్టి వీపు మీద చరిచారు. కాసేపు ఏమీ లేదు. తరువాత పెద్దగా దగ్గాడు, వాంతి చేసుకున్నాడు, ఊపిరి పీల్చాడు. శివరాజ్ అతని పక్కన కూర్చొని తల పట్టుకున్నాడు. దీపం దించకుండా దిగొద్దు సార్ అని ఒక్క మాట అనుంటే ఇది జరిగేది కాదు. పేపర్లో పేరు కోసం ఆ మాట మింగేశాడు. అతనికి తన మొహం తనకే చూపించుకోవాలనిపించలేదు.

సామాన్ల గదిలో జనం పాతర చుట్టూ నిలబడే ఉన్నారు. బ్యాటరీ ఇంకా లోపలే వెలుగుతోంది. ఆ వెలుగులో అంతా కనబడుతోంది. చుట్టూ నల్లబడిన చొప్ప, అడుగున చేటెడు కుళ్లిన జొన్నల ముద్ద. ఇంకేమీ లేదు.

శరణమ్మ గోడకు ఆనుకొని నేల మీద కూర్చుంది. శివరాజ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అడగకముందే ఆమే మొదలుపెట్టింది. మాట్లాడింది మాత్రం రత్నమ్మ మొహం చూసి.

"ఆ సారు అన్ని చూసినంక పాతర చూడాలె అన్నడు. వద్దన్న. పాతరతోని కొంటున్నడు, చూడకుంట ఎట్ల చెప్పాలె నేను అన్నడు. మా ఆయనకు కబురు పంపుత అని అరుగు దాక పోయి వచ్చేటాళ్లకు బండ జరిపిండు. బ్యాటరీ పట్టుకొని నిచ్చెన దిగుతుండు. దీపం పెట్టకుంట దిగొద్దని నాకు ఎరుక. చెప్పేటందుకే నోరు తెరిచిన. అప్పుడే ఆయన లోపలికి చూసి, మళ్ల తల ఎత్తి నా దిక్కు చూసిండు. ఇది ఖాళీ గదమ్మా అన్నడు. ఆ మాటకు నా నోరు పడిపోయింది."

శరణమ్మ పాతర మూతి వైపు చూసింది.

"అంతే, కూలవడ్డడు. కింద పడి ఒక్కపారి అమ్మా అన్నడు. నన్నే పిలిచిండు. అరిస్తే గల్లీ అంత వస్తది. వస్తే పాతర చూస్తది. నేను అరవలే. లేచి పోయి ఈ గది తలుపు దగ్గరికి వేసిన."

"మరి నా పెనిమిటి?" అన్నది రత్నమ్మ.  "ఆయన లాకప్‌ల వడి మూడు దినాలాయె. నేను పొద్దుగాల నుంచి నీ ఎదురుగనే కూసున్న గదక్కా."

"చూస్తనే ఉన్న. నిన్ను చూసుకుంటనే జొన్నలు చెరిగిన," అన్నది శరణమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు ఈసారి. "మా ఆయన తిండికి వచ్చి గాలంతోని బయటికి తీసిండు. బూట్లు తొడిగి, బ్యాటరీ జేబుల పెట్టి పెరట్ల వేసిండు. పాతర నేనే మెత్తిన. ఇయ్యాల ఈ సారు కూడ గట్లనే బ్యాటరీ పట్టుకొని దిగిండు. మళ్ల అట్లనే తల ఎత్తి నా దిక్కు చూసిండు. ఊకుండుడు నాతోని కాలే."

రత్నమ్మ చేయి పైకి లేచింది. కొడుతుందని అందరూ అనుకున్నారు. ఆ చేయి కాసేపు గాలిలో ఉండి, తాడు మీద పడింది. ఆమె తాడు చుట్టుకోవటం మొదలుపెట్టింది.

బయట గేటు చప్పుడైంది. జనం పక్కకు జరిగారు. తెల్ల ధోవతి, తెల్ల అంగీ, ఇస్త్రీ మడత చెడని టోపీ, రేవణసిద్ధప్ప గంజ్ నుంచి వచ్చాడు. వాకిట్లో వాంతి చేసుకుంటున్న ఇన్‌స్పెక్టర్‌ను దాటాడు. నేల మీద కూర్చున్న భార్యను దాటాడు. పాతర అంచు దాకా వచ్చి లోపలికి చూశాడు, తరువాత చుట్టూ ఉన్న మొహాలు చూశాడు.

"ఎవరెవరు చూసిన్రు?" అని అడిగాడు.

అతను అడిగింది అదొక్కటే. ఎవరు చచ్చారని అడగలేదు, ఎవరు బతికారని అడగలేదు. శివరాజ్ తల దించుకున్నాడు.

"చూసేదేమున్నదన్నా," అన్నది తారాబాయి వెనక నుంచి. చాలా మెత్తగా అన్నది. "పాతర జొన్నలకు ఒక వాసన ఉంటది. మీరు ఎల్లమావాస్యకు పంపేటివాటికి ఆ వాసన లేదు. గంజ్‌ల కొన్నవని మొదటి ఏడే మా అత్త చెప్పింది. గల్లీల అందరికి ఎరుకనే."

రేవణసిద్ధప్ప టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. 

శరణమ్మ తల ఎత్తింది. తారాబాయిని చూసింది, ఆమె పక్కన నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరినీ చూసింది. ఒక్కరు కూడా కాదనలేదు. అందరూ నేల చూస్తున్నారు.

"అందరికి ఎరుకనేనా?" అన్నది.

"మీ మనసు నొస్తదని అనలే వదినె," అన్నది తారాబాయి.

"ఒక్కరన్న అనకపోతిరి గదనే," అన్నది శరణమ్మ. "ఒక్కరన్న నా మొహం మీద అనుంటే, ఆ సారు అమ్మా అన్నప్పుడు నేను అరిచేదాన్ని గద."

 వాకిట్లో మదన్‌మోహన్ దగ్గు మధ్యలో కానిస్టేబుల్‌ను పిలిచి, స్టేషన్‌కు పోయి సంగప్పను విడిచిపెట్టమన్నాడు.